తాతమ్మ పుట్టిల్లు ఏ ఊరు? కృష్ణా, గుంటూరు రికార్డుల్లో వెతికే దారి

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో మగవాళ్ల వంశక్రమాన్ని నాలుగైదు తరాలు వెనక్కి తీసుకెళ్లడం మరీ కష్టమేం కాదు. భూమి ఎవరి తర్వాత ఎవరి పేరుకు మారిందో చూసుకుంటూ పోతే తాత, ముత్తాత, ఆయన తండ్రి వరసగా తగులుతారు. ఆ ముత్తాత భార్య ఎవరింటి ఆడపడుచు, ఏ ఊరి నుంచి వచ్చింది అని అడిగితే మాత్రం చాలా ఇళ్లలో జవాబు ఉండదు. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారిపోయింది. ఆ తర్వాత ఎక్కిన ప్రతి కాగితంలోనూ ఆమె ఫలానా వారి భార్య, భర్త పోయాక ఫలానా వారి పూర్వసువాసిని. సొంత పేరు చూస్తే సుబ్బమ్మ, కోటమ్మ, పిచ్చమ్మ. ఊరికి పదిమంది ఉంటారు.

కాబట్టి ఆమె పేరు పట్టుకుని వెతికితే పని జరగదు. ఆమెకు ఏదైనా ఇచ్చినవాళ్లను, ఆమె వేలిముద్ర పక్కన సాక్షి సంతకం చేసినవాళ్లను, ఆమె తొలి బిడ్డ పుట్టిన ఇంటిని వెతకాలి. పుట్టింటి పేరు బయటపడేది ఎక్కువగా ఈ మూడు చోట్లే. మిగతా రికార్డులన్నీ వీటికి తోడు వచ్చేవే.

పుట్టినూరు వేరు, పుట్టింటివారి ఊరు వేరు

వెతుకులాట దారి తప్పేది మొట్టమొదట ఇక్కడే. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ; చాలామందికి రెండోది, మూడోది కూడా అక్కడే. అంటే తాతమ్మ పుట్టింది వాళ్ల నాన్న ఊళ్లో కాకపోవచ్చు, వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లో కావచ్చు. నాన్న ఊరు పేరు తెలిసి అక్కడి జనన రిజిస్టర్లన్నీ తిరగేసి, ఆమె పేరు లేదని నిరాశపడేవాళ్లు ఎక్కువ. నమోదు జరిగేది పుట్టిన చోట, కాపురం ఉన్న చోట కాదు.

ఇదే ఆనవాయితీని తిప్పి వాడుకుంటే మేలు. తాతమ్మ పుట్టింటి ఊరు కావాలంటే ఆమె పెద్దకొడుకో పెద్దకూతురో ఎక్కడ పుట్టారో చూడాలి. వాళ్ల బడి సర్టిఫికెట్లో, పెన్షన్ కాగితాల్లో, జాతకంలో "జన్మస్థలం" అని సొంత ఊరు కాని మరో ఊరు కనిపించిందంటే అది నూటికి తొంభైపాళ్లు తాతమ్మ పుట్టింటి ఊరే. ఆ ఊరి జనన రిజిస్టరులో సమాచారం ఇచ్చినవారి గడి ఉంటే, అక్కడ మాతామహుడి పేరో మేనమామ పేరో ఇంటిపేరుతో సహా దొరికే అవకాశం ఉంది. ఆసుపత్రి కాన్పులు పెరిగాక ఈ సూత్రం చెడింది. గుంటూరు పెద్దాసుపత్రిలో పుట్టిన బిడ్డ నమోదు గుంటూరు పట్టణంలోనే ఉంటుంది, అది ఎవరి పుట్టిల్లూ కానక్కర్లేదు. తొలి కాన్పు సూత్రాన్ని 1950కి ముందు పుట్టినవాళ్ల విషయంలో ధైర్యంగా, ఆ తర్వాతివాళ్ల విషయంలో అనుమానంగా వాడాలి.

ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లో చూడాల్సినవి

అటక మీద ఉన్న ఇత్తడి, కంచు సామాను ముందు దింపించాలి. సారెలో వచ్చిన బిందెలు, గంగాళాలు, చెంబుల మీద పేరు చెక్కించే అలవాటు బలంగా ఉండేది. చెక్కిన పేరు సాధారణంగా ఇచ్చినవారిది: తండ్రిదో, అన్నదో, మేనమామదో. ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు, ఒక్కోసారి తేదీ. చింతపండుతో తోమితే అక్షరాలు తేలతాయి. అరిగిపోయినవాటి మీద పలుచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే చదవడానికి వస్తుంది. అత్తగారింటి ఇంటిపేరుతో కలవని అక్షరం కనిపిస్తే దాన్ని రాసిపెట్టుకోవాలి.

చదివింపుల పుస్తకం దొరికితే అదృష్టమే. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఊరి పేరుతో సహా రాసే ఆ పొడుగు నోటుబుక్కులో ఒకే ఊరి నుంచి ఒకే ఇంటిపేరువాళ్లు ఏడెనిమిదిమంది వరసగా కనిపిస్తే అది వియ్యాలవారి వర్గం అనుకోవచ్చు. తాతమ్మ పెళ్లి పుస్తకం దొరక్కపోయినా ఆమె పిల్లల పెళ్లిళ్లవి దొరకవచ్చు. మేనమామలు ఇచ్చే లాంఛనాలకు అందులో ప్రత్యేకంగా పద్దు ఉంటుంది, అక్కడ ఉండేది ఆమె అన్నదమ్ముల పేర్లే.

శ్రాద్ధకర్మలు చేసే కుటుంబాల్లో ఇంకో గట్టి ఆధారం ఉంది. తర్పణాల్లో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత పేర్లు గోత్రంతో సహా చెప్పాలి. మహాలయ పక్షానికో, పుష్కరాల పిండప్రదానానికో ఈ పేర్లు కాగితం మీద రాసి పెట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. 2016 కృష్ణా పుష్కరాలకు బెజవాడ ఘాట్లలో పిండం పెట్టినవాళ్ల దగ్గర ఆ కాగితం ఇంకా ఉండి ఉంటుంది. తాతయ్య రాసుకున్న పాత కాగితమైతే అందులో మాతామహ వర్గం తాతమ్మ తండ్రి, తాత, ముత్తాతలే. ఇంటిపేరు ఉండదు, గోత్రం ఉంటుంది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు వధువు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చదువుతారు కనుక పురోహితుడి పాత నోటుపుస్తకంలోనూ ఇవి చిక్కవచ్చు. కాశీ, గయ తీర్థపురోహితుల బహీల్లో (యాత్రికుల వంశ ఖాతాల్లో) వెతికించాలంటే ముందు పూర్వీకుల ఊరి పేరు చెప్పగలగాలి, ఆ ఖాతాలు ఊళ్లవారీగా ఉంటాయి. అందుకే ఆ ప్రయత్నం చివరికి పెట్టుకోవడం మంచిది.

ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్న కూడా మార్చాలి. "తాతమ్మ ఇంటిపేరేంటి" అని అడిగితే తెలియదంటారు. "చిన్నప్పుడు సెలవులకు తాతయ్య ఏ ఊరు వెళ్లేవాడు", "ఆయన మేనమామను ఏమని పిలిచేవాళ్లు", "ఎవరింట్లో పురుడు వస్తే మనకు పట్టింపు ఉండేది", "ఎవరు పోతే మైల పట్టలేదు గానీ స్నానం చేశారు" అని అడిగితే నోటికి వస్తాయి.

రిజిస్ట్రారు ఆఫీసులో అసలు పని

ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం కృష్ణా డెల్టాలో పాత ఆచారం. ఇచ్చినదాన్ని కాగితం మీద పెడితే అది దఖలు దస్తావేజు లేదా దాన సెటిల్మెంటు అవుతుంది. పుట్టింటి పేరు వెతికేవారికి ఇంతకు మించిన పత్రం లేదు. రాసి ఇచ్చేది తండ్రి లేదా అన్న, ఆయన ఇంటిపేరు, తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు, తాలూకా. పుచ్చుకునేది "నా కుమార్తెయు, ఫలానా గ్రామ కాపురస్థులు ఫలానా వారి భార్యయు అయిన" ఆమె. రెండు ఇళ్లూ ఒకే వాక్యంలో ఉంటాయి.

అమ్మకాల్లో 100 రూపాయల లోపు స్థిరాస్తికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాతకాలంలో చిన్న చెక్కలెన్నో అలా కాగితం లేకుండానే చేతులు మారాయి. దానానికి ఆ మినహాయింపు లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం విలువ ఎంతైనా రిజిస్టరు కావాల్సిందే. కాబట్టి రాత మూలకంగా ఇచ్చి ఉంటే పుస్తకంలో ఉంటుంది. నోటిమాటతో ఇచ్చి ఊరుకున్న ఇళ్లు తక్కువేం కాదు. అలాంటి భూమి జాడ తర్వాత అమ్మినప్పుడు తెలుస్తుంది, ఆ సంగతి కిందికి వస్తుంది.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి పత్రాలు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో, ఇతర పత్రాలు నాలుగో పుస్తకంలో ఎక్కుతాయి. ఒకటో పుస్తకానికి రెండు సూచికలు: ఇండెక్స్ 1 మనుషుల పేర్లది, ఇండెక్స్ 2 ఆస్తులది. చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. బంధుత్వం రుజువు చేయమనే హక్కు ఎవరికీ లేదు. మూడో పుస్తకంలోని వీలునామా నకలు రాసిన మనిషి చనిపోయాక అడిగినవారెవరికైనా ఇవ్వాలి. నాలుగో పుస్తకం మాత్రం పత్రంలోని పక్షాలకు, వారి ప్రతినిధులకే.

ఆస్తి లావాదేవీల జాబితా చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. తాతమ్మ కాలానికి అది పనికిరాదు, పాత సంవత్సరాలకు చేత్తో వెతికించాల్సిందే. తేలికైన క్రమం ఏమిటంటే, ముందు భర్త ఊరు ఇండెక్స్ 2లో ఆమె పేరున కొన్నవి, అమ్మినవి చూడటం. ఆమె పేరున అత్తగారి ఊళ్లో కాక వేరే ఊళ్లో భూమి ఉందని ఏ రకంగానైనా తెలిస్తే ఆ ఊరే పుట్టింటి ఊరని గట్టిగా అనుకుని, ఆ ఊరు అప్పట్లో ఏ సబ్‌రిజిస్ట్రారు కిందిదో కనుక్కుని, అక్కడి ఇండెక్స్ 2లోకి వెళ్లడం. ఊరి పేరు కింద ఉన్న పత్రాల్లో దాన సెటిల్మెంటులను వేరు చేస్తే జాబితా బాగా చిన్నదవుతుంది. ఒక ఇంటిపేరు అనుమానంగా ఉన్నప్పుడు ఇండెక్స్ 1 పనికొస్తుంది. కాకపోతే ఆ సూచిక ఇంటిపేరు మొదటి అక్షరం మీద వేశారా, వ్యక్తి పేరు మీద వేశారా అన్నది ముందు రెండు పేజీలు తిప్పి తెలుసుకోవాలి. ఇంగ్లిషులో రాసిన సూచికల్లో ఒకే ఇంటిపేరు వై కిందా, ఇ కిందా ఉండటం మామూలే: యలమంచిలి, ఎలమంచిలి.

ఏ సంవత్సరాలు వెతకాలి? పెద్ద బిడ్డ 1912లో పుట్టాడనుకుందాం. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి రాకముందు ఆడపిల్లల పెళ్లి ఎనిమిది, పదేళ్లకే జరిగేది. కాపురానికి వెళ్లేది రజస్వల అయ్యాక. ఆ లెక్కన తాతమ్మ పుట్టుక 1895 ప్రాంతం, పెళ్లి 1905 ప్రాంతం. దస్తావేజు మాత్రం 1905లోనే ఉండాలని లేదు. తండ్రి తన ఆస్తి కొడుకులకు పంచేటప్పుడు ఆడపిల్లల వాటా తేల్చి రాయడం ఎక్కువ. కాబట్టి పెళ్లి సంవత్సరం నుంచి తండ్రి చనిపోయిన రెండు మూడేళ్ల దాకా, అంటే ముప్పై నలభై ఏళ్ల వ్యవధి వేసుకోవాలి. రుసుము సంవత్సరాల లెక్కన పడుతుంది కనుక ముందు పెద్ద బిడ్డ పుట్టిన సంవత్సరానికి అటూ ఇటూ అయిదేళ్లు, ఆ తర్వాత అన్నదమ్ముల పారిఖత్తు (ఆస్తి పంపకం) జరిగిన కాలం చూసి, దొరక్కపోతేనే మధ్యలోది వెతికించడం లాభం.

దస్తావేజు దొరికాక చాలామంది మొదటి పేజీ చదివి ఆపేస్తారు. అసలు సరుకు మిగతా చోట్ల ఉంటుంది. హద్దుల్లో తూర్పున, ఉత్తరాన ఉన్న రైతుల ఇంటిపేరు ఇచ్చినవారి ఇంటిపేరే అయితే వాళ్లు పంచుకున్న అన్నదమ్ములు. వెనుకవైపు రిజిస్ట్రారు ఎండార్సుమెంటులో గుర్తింపు సాక్షుల పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఆడమనిషి రాసి ఇచ్చిన పత్రంలో ఆమె నిశానీని (వేలిముద్రను) గుర్తుపట్టి చెప్పినవాడు తరచూ సొంత అన్నో, తమ్ముడో. స్టాంపు వెండరు రాతలో కాగితం కొన్నవారి పేరు, ఊరు ఉంటాయి. సొంత అల్లుడి పేరున మామగారు కాగితం కొన్న సందర్భాలు కనిపిస్తాయి.

దూరపు ఊళ్లో ఉన్న పసుపు కుంకుమ భూమిని చాలామంది ఆడవాళ్లు పదేళ్లకో ఇరవయ్యేళ్లకో అమ్మేశారు, అదీ ఎక్కువగా సొంత అన్నదమ్ములకే. నోటిమాటతో ఇచ్చిన భూమి మొదటిసారి కాగితం ఎక్కేది ఈ క్రయ దస్తావేజులోనే. "నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమ నిమిత్తం ఇచ్చి, అది మొదలు నా స్వాధీనానుభవంలో ఉన్న" అనే వాక్యం వచ్చిందంటే పని అయిపోయినట్టే. ఇలాంటి అమ్మకాన్ని పట్టాలంటే పుట్టింటి వైపు ఆఫీసులో అత్తవారి ఇంటిపేరు వెతకాలి. దీన్ని తలకిందులుగా చేసేవాళ్లే ఎక్కువ.

తండ్రి వీలునామా దొరికితే అందులో కొడుకులకు ఇచ్చిన ఆస్తికన్నా కూతుళ్లకు ఇవ్వని ఆస్తి గురించిన వాక్యం ముఖ్యం. "నా కుమార్తెలకు వివాహ సమయమందే ఇవ్వవలసినది ఇచ్చియున్నాను" అంటూ ఒక్కొక్కరి పేరు, భర్త పేరు, ఊరు రాయడం రివాజు. వారసత్వ తగాదాలు కోర్టుకెక్కిన కుటుంబాల్లో దావా అర్జీతోపాటు వంశవృక్షం జతచేస్తారు. సంతానం లేని స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం తిరిగి ఆమె తండ్రి వారసులకు వెళ్తుంది. అలాంటి కేసులో పుట్టింటి వంశం మొత్తం రికార్డులోకి వస్తుంది. నేరుగా మన తాతమ్మది కాకపోయినా, పిల్లలు లేని ఆమె అక్కచెల్లెళ్లలో ఎవరి కేసైనా ఉందేమో అడగడం దండగ కాదు. హైకోర్టు దాకా వెళ్లిన పాత తీర్పులు మద్రాసు లా రిపోర్టుల్లో అచ్చయ్యాయి, కొన్నింట్లో వంశవృక్షం కూడా ఉంటుంది.

జనన రిజిస్టర్లు

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. ఇప్పుడున్న 1969 చట్టం 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గ్రామాల్లో పాత రిజిస్టర్లు రాసింది గ్రామాధికారులు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు దస్త్రాలన్నీ సక్రమంగా చేతులు మారలేదు, కొన్ని కరణంగారి ఇళ్లలోనే ఉండిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు మళ్లీ చీలాయి. అందుకని ఇప్పటి మండల ఆఫీసులో లేదంటే పాత తాలూకా కేంద్రంలోని తహసీల్దారు ఆఫీసు రికార్డు రూములో కూడా అడగాలి. పట్టణంలో పుట్టుకలకు మున్సిపాలిటీ ఆరోగ్య విభాగం. గుంటూరు మున్సిపాలిటీ 1866 నాటిది, బెజవాడది 1888 నాటిది.

పాత నమోదులో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం సర్వసాధారణం, ఎందుకంటే నమోదు చేసేనాటికి బారసాల అయి ఉండదు. "ఆడ" అని ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది. కాబట్టి తండ్రి పేరు, అంచనా సంవత్సరం, తోబుట్టువుల మధ్య ఎడం చూసి పోల్చుకోవాలి. లేదని తేలితే నమోదు లభ్యం కాలేదని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆలస్యపు నమోదుకు వెళ్లినా, పాస్‌పోర్టు పనికైనా ఆ కాగితం అడుగుతారు. ఏడాది దాటిన నమోదుకు ఇదివరకు మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావలసివచ్చేది, 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, ఆయన కింద అధికారం పొందినవారికి వచ్చింది.

రెవెన్యూ దస్త్రాలు చెప్పేదెంత

డైగ్లాట్ అని పిలిచే రీసెటిల్మెంటు రిజిస్టరు, గ్రామ లెక్కలైన అడంగళ్లు, పది ఒకటి ఖాతాలు పట్టాదారు ఎవరో చెబుతాయి, బంధుత్వం పెద్దగా చెప్పవు. ఆడవాళ్ల పేర్లు వీటిలో కనిపించేది భర్త చనిపోయాకే. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చి, మద్రాసులో అది 1947 నాటికి వ్యవసాయ భూమికీ వర్తించాక వితంతువుల పేర్లు పట్టాల్లో ఎక్కువయ్యాయి. జమీందారీ గ్రామాల సంగతి వేరు: 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంటులోనే రైతుల పేర్లు ప్రభుత్వ దస్త్రాల్లోకి వచ్చాయి. అంతకు ముందువి ఎస్టేటు లెక్కల్లో ఉండాలి.

అగ్రహారాలు, మాన్యాలు ఉన్న కుటుంబాలకు ఇనాం ఫెయిర్ రిజిస్టరు బంగారం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి, అసలు గ్రహీత ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవారు ఆయనకు ఏమవుతారు అని రాసింది. మాన్యం కూతురి వైపు వెళ్లిన చోట దౌహిత్రుల (కూతురి కొడుకుల) పేర్లు వస్తాయి. 1860 ప్రాంతంలో ఒక స్త్రీ పుట్టింటి సంబంధం ప్రభుత్వ కాగితం మీద కనిపించే చోటు ఇంకొకటి చెప్పడం కష్టం.

ఈ దస్త్రాల్లో తేదీలు ఫసలీల్లో, అంటే రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటాయి. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. దానికి 590 కలిపితే మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1335 అంటే 1925 జూలై నుంచి 1926 జూన్ దాకా. ఇంటి కాగితాల్లో తెలుగు సంవత్సరం ఒక్కటే ఉంటే 60 ఏళ్ల తేడా గుర్తుంచుకోవాలి. జయ నామ సంవత్సరం 1894లోనూ వచ్చింది, 1954లోనూ వచ్చింది.

చర్చి, నిఖా, బడి

క్రైస్తవ కుటుంబాలకు ఈ వెతుకులాట చాలా సులువు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. ఫిరంగిపురంలో కథోలికులు అంతకన్నా పాతవాళ్లు. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో వధూవరులిద్దరి తండ్రుల పేరు, ఇంటిపేరు కోసం ప్రత్యేకంగా గడి ఉంది, హిందూ వివాహాలకు ఆ కాలంలో ఇలాంటి రికార్డే లేదు. కథోలిక చర్చిల్లో ఇంకో సౌకర్యం ఉంది. 1918లో అమల్లోకి వచ్చిన కానన్ చట్టం ప్రకారం పెళ్లి జరిగిన విచారణ (చర్చి పరిధి) నుంచి బాప్తిస్మం పొందిన విచారణకు కబురు పంపి, అక్కడి బాప్తిస్మ నమోదు పక్కన పెళ్లి సంగతి రాయాలి. పెళ్లి రిజిస్టరు దొరికితే బాప్తిస్మం ఊరు, అది దొరికితే పెళ్లి ఊరు తెలుస్తాయన్నమాట. పాత నమోదులు లాటిన్‌లో ఉంటాయి, పేర్లు చిత్రంగా వంకరపోయి ఉంటాయి. గట్టిగా బయటికి చదివితే తెలుగు పేరు వినిపిస్తుంది.

ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నిఖా రిజిస్టరులో వధువు తండ్రి పేరు, మెహర్, వకీలు, సాక్షులు ఉంటారు. వకీలు అంటే ఇక్కడ వధువు తరఫున మాట్లాడేవాడు, అలా నిలబడేది సాధారణంగా ఆమె వైపు బంధువే. ఈ ప్రాంతంలో షేక్, సయ్యద్, పఠాన్ లాంటివి ఇంటిపేర్లుగా స్థిరపడటంతో ఇంటిపేరొక్కటే పట్టుకుంటే ముందుకు సాగదు, తండ్రి పేరు, ఊరు తప్పనిసరి.

బడికి వెళ్లిన ఆడపిల్ల అయితే ప్రవేశాల రిజిస్టరులో పుట్టింటి పేరుతోనే ఉంటుంది, పెళ్లికి ముందు చేరింది కనుక. మిషన్ బాలికల పాఠశాలల్లో పాత రిజిస్టర్లు బాగానే భద్రపరిచారు. అందులోని పుట్టిన తేదీని మాత్రం నమ్మకూడదు. జూలై 1 అని కనిపిస్తే అది మాస్టారు వేసిన తేదీ.

మనుషులు, ఊళ్లు కలగాపులగమయ్యే చోట్లు

మేనరికాలు లెక్కను సులువు చేస్తాయి, పాడూ చేస్తాయి. తాతయ్య మేనమామ కూతురిని చేసుకుంటే ఆయన భార్య పుట్టింటి పేరూ, తల్లి పుట్టింటి పేరూ ఒకటే. అక్క కూతురిని చేసుకుంటే భార్య పుట్టింటి పేరు బావగారి ఇంటిపేరు. కుండమార్పిడి పెళ్లిళ్లు జరిగిన రెండు ఇళ్ల మధ్య రెండే ఇంటిపేర్లు మూడు తరాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. పైగా మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. 1890 నాటి సుబ్బమ్మ, 1940 నాటి సుబ్బమ్మ ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఉంటారు. భర్త పేరు, ఆయన తండ్రి పేరు రెండూ కలిస్తేనే మనిషి కలిసినట్టు.

దత్తత ఇంకో చిక్కు. తాతమ్మ అన్న వేరే ఇంటికి దత్తు పోతే అన్నాచెల్లెళ్ల ఇంటిపేర్లు కలవవు. మగసంతానం లేని మాతామహుడు మనవణ్ణి దత్తు తీసుకుంటే ఇప్పుడు మనం వాడుతున్న ఇంటిపేరే ఆమె పుట్టింటి పేరు కావచ్చు. ఇల్లరికంలో ఇంటిపేరు మారదు గానీ ఊరు, భూమి భార్య వైపువి. మారుమనువు ఉన్న కుటుంబాల్లో ఒకే స్త్రీ రెండు ఇంటిపేర్లతో రెండు ఊళ్ల దస్త్రాల్లో ఉంటుంది. అత్తగారి పేరే కోడలి పేరైతే కోడలికి కొత్త పేరు పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. పుట్టింటి దస్తావేజులో ఒక పేరు, మెట్టినింటి కాగితాల్లో మరో పేరు కనిపిస్తే వెంటనే కొట్టిపారేయకూడదు.

ఇంటిపేరులో ఉన్న ఊరు పుట్టినూరు అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఊరుతో అంతమయ్యే గ్రామం నుంచి ఊరి, పాడుతో అంతమయ్యే గ్రామం నుంచి పాటి అని ఇంటిపేర్లు వచ్చాయి నిజమే. ఆ వలస ఎన్ని వందల ఏళ్ల కిందటిదో ఎవరూ చెప్పలేరు. 1832–33 నందన కరువుకు, 1850ల్లో కృష్ణ ఆనకట్ట కట్టాక డెల్టాలోకి, తర్వాత నిజాంసాగర్, తుంగభద్ర ఆయకట్టులకు జనం కదిలారు. పేరులోని దేవుణ్ణి బట్టి ఊహించడం కొంత మెరుగు: అన్నదమ్ముల్లో ఒక పానకాలు ఉంటే మంగళగిరి చుట్టుపక్కల, భావనారాయణ ఉంటే బాపట్ల, పొన్నూరు వైపు, తిరుపతమ్మ, గోపయ్య అని ఉంటే పెనుగంచిప్రోలు వైపు మొదలుపెట్టవచ్చు. అంతకు మించి దానికి బరువు ఇవ్వకూడదు.

ఊరి పేరు దొరికినా ఏ ఊరో తేలాలి. వెల్లటూరు భట్టిప్రోలు దగ్గర ఉంది, జి.కొండూరు దగ్గర ఉంది, పల్నాడులోనూ ఉంది. కొత్తపాలేలకు లెక్కే లేదు. శివారు పల్లె పేరు రెవెన్యూ దస్త్రంలో ఉండదు, అది ఏ రెవెన్యూ గ్రామం కిందిదో జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులో చూసుకోవాలి. జిల్లా పేరు తేదీని బట్టి మారుతుంది. 1859 నుంచి 1904 దాకా గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగం. ఒంగోలు 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత 1970 దాకా గుంటూరు, ఇప్పుడు ప్రకాశం. ఏలూరు 1904 నుంచి 1925 దాకా కృష్ణా. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాలు వచ్చాయి. 1895 కాగితంలో "కృష్ణా జిల్లా" అని ఉందని మచిలీపట్నం వెళ్తే, ఆ ఊరు నరసరావుపేట పక్కది కావచ్చు.

సర్వే నంబర్లూ అంతే. విజయవాడ, గుంటూరు పట్టణాల్లో కలిసిపోయిన గ్రామాలకు టౌన్ సర్వే నంబర్లు పడ్డాయి, 2020లో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాల్లో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, అమరావతి భూసమీకరణ గ్రామాల్లో పొలాలే ప్లాట్లుగా మారాయి. పాత దస్తావేజులోని నంబరును ఇప్పటి నంబరుతో పోల్చే కోరిలేషన్ పట్టిక లేకుండా వెతకడం మొదలుపెట్టకూడదు.

రెండు కాగితాలు రెండు మాటలు చెప్పినప్పుడు, ఘటనకు దగ్గరి కాలంలో, అబద్ధం చెప్పవలసిన అవసరం లేనివాడు రాసినదాన్ని నమ్మాలి. దస్తావేజు రైటరు రాసిన వయసులు పదేళ్లు అటూ ఇటూ ఉంటాయి. అదే దస్తావేజులో ఉన్న తండ్రి పేరు మాత్రం తప్పు పోదు, ఎందుకంటే అది తప్పితే ఆస్తే పోతుంది. దావా అర్జీతో పెట్టిన వంశవృక్షంలో తమకు పనికిరాని కూతుళ్లను వదిలేయడం ఉంది. కోర్టులో వాడుకోవలసి వస్తే సర్టిఫైడు నకళ్లే పెట్టాలి, ఫోన్‌లో తీసిన ఫొటో చెల్లదు. ఇంట్లో దొరికిన 30 ఏళ్లు దాటిన అసలు పత్రానికి, అది ఉండాల్సిన చోటు నుంచే వచ్చిందని చూపగలిగితే, సాక్ష్య చట్టంలో ప్రత్యేక మన్నన ఉంది. కాబట్టి పాత దస్తావేజును లామినేషన్ చేయించకూడదు, వెనకవైపు ఎండార్సుమెంటు కనిపించేలా విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో బెజవాడలో వేల ఇళ్లు మునిగాయి, నేలబీరువాల్లో ఉన్న ఇలాంటి కాగితాలకు నకలు ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.